మూలల్లేని మేడ

తూర్పుకొండల మీద సూర్యుడు బారెడు ఎక్కేసరికి సింగన, నాగసాని శతద్వార నగరపు ఏడవ ద్వారం ముందుకు వచ్చి నిలబడ్డారు.

నూరు ద్వారాలున్న మహానగరం అది. ద్వారానికొక బజారు. ముత్యాల బజారులో నిలబడి చూసినా, గుర్రాల బజారులో నిలబడి చూసినా, కళ్ళు ముందుగా పోయేది కోట మీదికి కాదు, గుడి గోపురం మీదికీ కాదు. నగరం నడిబొడ్డున ఉన్న వెండి మేడ మీదికే. ఆకాశంలో పోతూ పోతూ అలిసిపోయిన మబ్బు ఒకటి అక్కడ వాలి పడుకున్నట్టు ఉంటుందది. దానికి స్తంభం లేదు. కిటికీ లేదు. ఒక్క మూల లేదు, వెతికి చూసినా తిన్నని గీత లేదు. పన్నెండు వేల వెండి రేకులు చేప పొలుసుల్లా ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటాయి. ఒక రేకుకూ ఇంకో రేకుకూ పోలిక ఉండదు. పొద్దున అది తామరరేకు రంగులో ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ కరిగిన సీసంలా అవుతుంది.

ఇంకా లోకంలో పుట్టని వస్తువులకు నమూనాలు ఆ మేడలో తయారవుతాయని ప్రతీతి. రేపటి రథం, రేపటి దీపం, రేపటి నగరం అన్నీ అక్కడే గీస్తారట. అందుకే యాభై ఆరు దేశాల జనం దాన్ని చూడడానికి బారులు తీరుతారు. దాన్ని కట్టినవాడు వక్రనాథుడు. రాజు చండకేతుకు ప్రధాన స్థపతి. పనితనం తెలిసినవాడు, మంత్రం అంతకంటే బాగా తెలిసినవాడు.

సింగన రాతిపనివాడు. ఇక్కడికి పదిహేను రోజుల నడక దూరంలో ఉన్న పెదలోయ అతని ఊరు. లోయకు ఎగువన ఏనుగుకట్ట అనే పాత రాతికట్ట ఉంది. దాని కింద ఏడు పల్లెలున్నాయి. ఆ కట్ట మర్మం తెలిసిన ఇల్లు ఒకటే, ఆ ఇంట్లో తెలిసినవాడు ఒక్కడే: సింగన అన్న బయ్యన. తండ్రి చేతి నుంచి పెద్దకొడుకు చేతికి మాత్రమే దిగే విద్య అది. మూడేళ్ళ క్రితం వక్రనాథుడి ముద్రతో తాటాకు వచ్చింది. బయ్యన వెండి మేడకు బయలుదేరి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఈ వేసవిలో కట్ట నడుమ నిలువు పగులు కనిపించింది. వానలకు ఇక నలభై రోజులే ఉన్నాయి. అన్నను తీసుకురావడానికి సింగన ఒంటరిగా బయలుదేరాడు.

దారిలో తగిలింది నాగసాని. కుసుమపాడు పట్టు సాలెవారి ఆడపడుచు, నలభై ఏళ్ళ మనిషి. ఆమె కూడా ఒకప్పుడు తాటాకు అందుకుని ఆ మేడలోకి వెళ్ళింది. చెత్తబండిలో దాక్కుని తప్పించుకుని బయటపడింది. కానీ ఆమె చేతులు నేత మరిచిపోయాయి. పడుగు పట్టలేవు, పేక వేయలేవు. మూటకు ముడి వేయాలన్నా సింగనే వేయాలి.

"నా విద్య ఆ మేడ పొట్టలో ఎక్కడో ఉంది తమ్ముడూ," అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. "దొరికితే ఒక్క జాన నేసి చస్తాను."

ఇప్పుడు వేషానికి ఆమె మరకత ద్వీపపు పట్టు నమూనాలు తెచ్చిన వర్తకురాలు. ముక్కుకు అడ్డబాస, తలకు జరీ ముసుగు. వెనక అయిదు పట్టుతానులు భుజాన మోస్తూ ఆమె మూగ సేవకుడు సింగన.

బజారు దాటి మేడ వాకిటికి రాగానే ద్వారపాలకుడు బళ్ళెం అడ్డం పెట్టాడు. అతని పక్కన గీతబద్దలు, మూలమట్టాలు, తూకపుగుండ్లు గుట్టగా పడి ఉన్నాయి. తిన్నగా గీసేది, తిన్నగా వేలాడేది ఏదీ మేడలోకి పోకూడదని వక్రనాథుడి ఆజ్ఞ.

"వాడి మెడలో ఏంటది?" అన్నాడు బళ్ళెంతో సింగన గుండె మీద పొడుస్తూ.

సింగన మెడలో నల్లతాడుకు సీసపు గుండు ఒకటి వేలాడుతోంది. అది తాతనాటి తూకపుగుండు. పైన పసుపు, కుంకుమ పూసి, వెంట్రుకలు చుట్టి ఉంది.

"దిష్టి తాయెత్తు, బాబూ," అంది నాగసాని. "పుట్టినప్పుడే మాట పడిపోయింది వీడికి. వాళ్ళమ్మ ఏ కోయదొర దగ్గరో కట్టించింది. తీసెయ్యమంటే తీసేస్తా గానీ, తీసిన రోజున మూర్ఛొచ్చి పడిపోతాడు. మీ గుమ్మంలో పడితే మోయడానికి నలుగురు కావాలి మరి."

ద్వారపాలకుడు సింగన భుజాల వెడల్పు చూశాడు. నలుగురూ చాలరనుకున్నాడేమో, బళ్ళెం తీశాడు.

లోపల అడుగుపెట్టగానే బయటి రొద ఎవరో కత్తిరించినట్టు ఆగిపోయింది. పాలరాతి లాంటి తెల్లని దారి ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. మెట్లు లేవు. గోడ ఎక్కడ ఆగిందో కప్పు ఎక్కడ మొదలైందో తెలియదు. దీపం ఒక్కటీ లేదు గానీ వెలుగు మాత్రం వెన్నలా గోడల నుంచి కారుతోంది.

మధూలిక అనే పరిచారిక నవ్వుతూ ఎదురొచ్చింది. సందర్శకులకు మేడ చూపించడం ఆమె పని.

"నమూనాలు తెచ్చినవారికి ఇక్కడ రాజమర్యాద," అంది. "మధ్యాహ్న భేరి మోగగానే తమరిని హస్తపీఠం దగ్గరికి తీసుకెళ్తాను. తమ చేతులు పీఠం మీద ఒక్కసారి ఆనిస్తే చాలు, తమ విద్య ఈ మేడలో శాశ్వతంగా నిలిచిపోతుంది. ఈలోగా అన్నీ చూడండి."

నాగసాని ముసుగు కింద పళ్ళు బిగించింది. ఆ పీఠం చల్లదనం ఆమెకు తెలుసు.

మధూలిక వెంట నడిచారు. ఒక మందిరంలో కాళ్ళు లేని ఆసనాలు నేలకు జానెడు ఎత్తున తేలుతున్నాయి. ఇంకో మందిరంలో కుట్టు లేని అంగరఖాలు, వాటంతటవే ఒళ్ళు వెతుక్కుంటున్నట్టు గాలిలో కదులుతున్నాయి. వేరొక చోట పిడి లేని కత్తులు. తలచుకుంటే చాలు, కోస్తాయట. సందర్శకులు ఆహా అంటున్నారు, ఓహో అంటున్నారు. గోడల పక్కన బూడిదరంగు బట్టలు వేసుకున్న మనుషులు కొందరు తల వంచుకుని నేల ఊడుస్తున్నారు. చీపుర్లను చేతివేళ్ళతో కాకుండా మోచేతుల మధ్య ఇరికించుకుని ఊడుస్తున్నారు. వాళ్ళను ఎవరూ చూడడం లేదు.

నాలుగో మందిరం అన్నింటికంటే పెద్దది. అక్కడ రాబోయే నగరాలున్నాయి. దంతంతోనూ అభ్రకంతోనూ చేసిన చిన్న చిన్న కొండలు, నదులు, వీధులు. సింగన ఒక నమూనా ముందు టక్కున ఆగిపోయాడు.

అది పెదలోయ. గద్దముక్కు కొండ, ఎర్రవాగు వంపు, అన్నీ అచ్చంగా ఉన్నాయి. లేనివి రెండే. ఏనుగుకట్ట లేదు. ఏడు పల్లెలూ లేవు. వాటి చోట అద్దంలాంటి సరస్సు. సరస్సులో రాజుగారి విహారనౌక.

దాని పక్కనే తెల్లని బట్టలు కట్టుకున్న సన్నపాటి ముసలాయన దంతపు పుల్లతో ఏదో చూపిస్తూ, మెత్తగా మాట్లాడుతున్నాడు. ఎదురుగా మంత్రి చేతులు కట్టుకుని వింటున్నాడు. ముసలాయన మెడలో వెండి రేకు ఒకటి వేలాడుతోంది. వక్రనాథుడంటే అతనే!

"కట్ట ఏమవుతుంది, స్వామీ?" అన్నాడు మంత్రి.

"పగులు పెట్టించాను. దాన్ని బాగుచేయగలవాడు ఒక్కడే ఉండేవాడు. మూడేళ్ళుగా మన దగ్గర ఊడుస్తున్నాడు. మిగిలిన పని వాన చూసుకుంటుంది."

"ఏడు పల్లెల జనం?"

"నమూనాలో జనాన్ని పెట్టే అలవాటు నాకు లేదు, మంత్రివర్యా," అన్నాడు వక్రనాథుడు. నమూనా మీద పడిన ధూళిని ఉఫ్ అని ఊది, అవతలికి నడిచిపోయాడు.

సింగన మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. నాగసాని అతని మణికట్టు గట్టిగా అదిమింది. మూగవాడు మాట్లాడకూడదు.

"ఇక పీఠం దగ్గరికి దయచేయండి," అంది మధూలిక. "భేరి మోగే వేళయింది."

"అయ్యో, నా తాను!" అంది నాగసాని.

సింగన భుజం మీది తాను ఒకటి జారి కిందపడింది. పడడంతోనే విచ్చుకుని, నెమలికంఠం రంగు పట్టు వాగులా వాలుదారి వెంట దొర్లుకుంటూ పోయింది. దిగువన వస్తున్న రాయబారుల గుంపు కాళ్ళకు అది చుట్టుకుంది. ఒకడు పడ్డాడు, వాడి మీద ఇంకొకడు పడ్డాడు. తలపాగాలు దొర్లాయి. మధూలిక కెవ్వుమని అటు పరుగెత్తింది. ఆ గందరగోళంలో నాగసాని గోడలో తెరలా కనిపించే ఒక మడతను పక్కకు తోసి, సింగనను లోపలికి లాగింది.

అది ఊడ్చేవాళ్ళు తిరిగే ఇరుకుదారి. వెన్నలాంటి వెలుగు అక్కడ లేదు. వాసన మాత్రం ఉంది, చాలామంది మనుషులు చాలాకాలంగా ఒకేచోట బతికిన వాసన. బూడిదరంగు బట్టల మనిషి ఒకడు నేలమీద బోర్లా వంగి, సిబ్బిలోని అన్నాన్ని నోటితో తింటున్నాడు. అలికిడికి తల ఎత్తాడు. గడ్డానికి మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"ఒరే... సింగా?"

సింగన అతని గడ్డం మీది మెతుకులు తుడిచాడు. కొండరాయిలాంటి అన్న, ఒంటి చేత్తో ఎద్దును ఆపిన అన్న, ఎండుకట్టెలా ఉన్నాడు. అతని చేతులు ఒడిలో పడి ఉన్నాయి, ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

"అన్నా, ఏం చేశారు నిన్ను?"

"పీఠం మీద పెట్టించారురా. ఒక్కసారికి లొంగలేదని మూడుసార్లు పెట్టించారు. రాతిపని పోయింది. తాడు పట్టడం పోయింది. ఆఖరికి అన్నం కలుపుకోవడం కూడా పోయింది. నన్ను చూడకు. కట్ట ఎలా ఉంది? ముందది చెప్పు."

సింగన చెప్పాడు. పగులు సంగతి, దంతపు నమూనా సంగతి, నలభై రోజుల సంగతి. బయ్యన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మన దగ్గర నుంచి లాక్కున్న విద్య ఎక్కడికి పోతుందో తెలుసా?" అన్నాడు చివరికి. "ఈ మేడకు స్తంభాలు లేవు, చూశావుగా. మన పనితనమే దీనికి స్తంభం. ఒక్కో రేకులో ఒక్కో మనిషి చేతులున్నాయి. నా రేకు పైన కప్పులో ఎక్కడో ఉంది. దాన్ని ఊడదీస్తే ఆ విద్య తీసినవాడి చేతికి దిగుతుంది. కానీ పైకి పోలేంరా. నేను నూరుసార్లు ప్రయత్నించాను. ఎంత నడిచినా ఈ దారి తిప్పి తిప్పి ఇక్కడికే తెస్తుంది."

సింగన మెడలోని నల్లతాడు తీశాడు. వెంట్రుకలు ఊడబెరికి, కుంకుమ తుడిచి, గుండును వేలాడదీశాడు. నేల సమంగా ఉందని కళ్ళు చెబుతున్నాయి. గుండు కాదంటోంది. గోడ నిటారుగా ఉందని కళ్ళు చెబుతున్నాయి. తాడు గోడకు రెండు జానల దూరంలో వాలి ఉంది.

"నేల కుడివైపుకు పల్లంగా ఉంది," అన్నాడు సింగన. "మనకు తెలియకుండానే కాళ్ళు పల్లానికి జారుతున్నాయి. అందుకే తిరిగి ఇక్కడికే వస్తున్నారు. గుండు ఎటు చూపిస్తే దానికి ఎదురు పోవాలి. అన్నా, కళ్ళు మూసుకుని నా భుజం మీద చెయ్యి ఆనించు. అక్కా, నువ్వూ."

దూరంగా మధ్యాహ్న భేరి ధనధనా మోగింది. వెనక ఎక్కడో భటుల అడుగుల చప్పుడు మొదలైంది. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. కళ్ళు ఎడమకు పొమ్మన్నచోట గుండు కుడికి పొమ్మంది. ఎదురుగా నిండుగోడ ఉన్నచోట గుండు ముందుకే పొమ్మంది. సింగన ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అడుగేస్తే, గోడ మంచులా విడిపోయింది. ఒకచోట కాలికింద అగాధం కనిపించింది. కళ్ళు తెరిచి చూసిన నాగసాని వెనక్కి జంకింది. తాడు మాత్రం తిన్నగా, కదలకుండా వేలాడింది. సింగన అగాధంలో కాలు పెట్టాడు. కింద గట్టినేల తగిలింది.

అలా ఎక్కి ఎక్కి, చివరికి మేడ కప్పుకిందికి చేరారు.

అంత విశాలమైన చోటు సింగన ఎన్నడూ చూడలేదు. తలపైన పన్నెండు వేల రేకుల లోపలివైపు. ప్రతి రేకు మీదా ఒక జత అరచేతుల అచ్చు. కొన్ని పెద్దవి, కొన్ని సన్నవి, కొన్నింటికి వేళ్ళు వంకర, ఒకదానికి బొటనవేలే లేదు. అన్నీ లేత వెలుగుతో ఊపిరి తీస్తున్నట్టు మెరుస్తున్నాయి. కప్పు అంచున వాననీరు దిగే తూము నల్లగా నోరు తెరుచుకుని ఉంది.

"అదిగో... నాది పిలుస్తోంది," అంది నాగసాని. చేతులు చాచుకుని, నిద్రలో నడిచేదానిలా అవతలి అంచుకు వెళ్ళిపోయింది.

బయ్యన కూడా తన రేకు కనుక్కున్నాడు. చేతికందే ఎత్తులోనే ఉందది.

"ఇదేరా. నీ అరచేతులు అచ్చుల్లో పెట్టి లాగు."

"నీ విద్య కదన్నా. నువ్వే తీసుకో."

"నా చేతులకు పట్టు ఎక్కడుందిరా? నువ్వు తియ్యి. ఇంటికి పోయాక మెల్లగా నాకు నేర్పుదువుగాని."

సింగన నవ్వాడు. మూడేళ్ళలో అదే మొదటి నవ్వు. అరచేతులు ఆనించి, పాదాలు తన్నిపట్టి లాగాడు. రేకు కీచుమని ఊడివచ్చింది. కప్పులో పడిన కంతలోంచి ఎండ కత్తిలా దిగింది.

ఆ క్షణాన వేడిగా ఏదో మణికట్టుల గుండా మోచేతుల దాకా పాకింది. ఏనుగుకట్ట అతని వేళ్ళలోకి వచ్చేసింది. ఏ వరసలో ఎన్ని రాళ్ళున్నాయో, ఏ రాయి ఏ రాయిని మోస్తోందో, అంతా తెలిసింది. దానితోపాటు ఇంకేదో కూడా వచ్చింది. తన ఆరేళ్ళ గుప్పిటను తన చేతిలో పట్టుకుని, ఉలి ఎలా పట్టాలో నేర్పుతున్న అన్న అరచేయి. ఆ అరచేతికి ఆ రోజు ఎంత భయమేసిందో, పిల్లాడికి దెబ్బ తగులుతుందేమోనని, అదీ తెలిసింది.

"అన్నా! తెలిసిందన్నా!"

బయ్యన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పెదవులు తెల్లబడుతున్నాయి.

"మూడో వరసలో... తాబేలురాయి..."

"తెలిసింది. అదే కట్టను పట్టి ఉంచుతోంది."

"పట్టి ఉంచేదీ అదే, తెంచేదీ అదే. ఒక్క దెబ్బ చాలు. ఎవడికీ చెప్పకు." బయ్యన ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "కోపం తెచ్చుకోకురా సింగా. చెబితే నువ్వు తీసి ఉండేవాడివి కాదు."

"ఏం చెబితే?"

"గాలివానకు ఒకసారి ఒక రేకు ఊడింది. ఆ పూట ఒక కుమ్మరి ఊడుస్తూ ఊడుస్తూ పడిపోయాడు. రేకు ఉన్నంతసేపే..."

మాట పూర్తికాలేదు. తల పక్కకు వాలింది. సింగన అన్న భుజాలు పట్టి కుదిపాడు. పిలిచాడు. అరచేతులు పట్టుకుని రుద్దాడు. ఏం లాభం! అప్పుడు గుర్తొచ్చింది అతనికి, అవతల నాగసాని.

ఆమె రెండు చేతులూ తన రేకు మీద ఉన్నాయి. లాగడానికి పాదాలు సర్దుకుంటోంది.

"అక్కా! ముట్టుకోవద్దు!"

ఆ కేక వంపుగోడల మీద దొర్లుకుంటూ మేడంతా తిరిగింది. నాలుగు మందిరాల్లో జనం తలలెత్తి చూశారు. కిందినుంచి కొమ్ము బూరలు ఊదారు.

నాగసాని వెనక్కి తిరిగింది. నేలమీద ఉన్న బయ్యనను చూసింది. సింగన చేతిలోని రేకును చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. చేతులు మెల్లగా కిందికి దించింది.

"పద తమ్ముడూ," అంది. "మనిషి పోయాడు. పని మిగిలింది."

ఇరుకుదారి మొగలో ఒకే ఒక్క కంచుతలుపు ఉంది. సింగన దాన్ని మూశాడు. అన్న చేతులు ఇప్పుడు అతని చేతులు; తలుపు కీలు ఎక్కడ బలహీనమో చూడగానే తెలిసింది. పక్కనున్న రాతిపీటను అక్కడే జొనిపి, అడ్డంగా తన్నాడు. తలుపు బిగుసుకుంది. మరుక్షణం అవతల గొడ్డళ్ళు పడ్డాయి.

ఇక ఉన్నదారి వాననీటి తూమే. నిలువునా ఎనభై మూరల లోతు, నాచుపట్టిన గోడలు, అడుగున మురుగుకాలువ హోరు. మిగిలిన నాలుగు తానులూ విప్పి, సింగన గబగబా కొసకు కొస కట్టాడు. రాళ్ళను లాగే మోకుకు వేసే ముడి వేశాడు. లాగి చూస్తే పట్టు సర్రున జారి ముడి విడిపోయింది. రెండు చుట్లు వేసి కట్టాడు. మళ్ళీ జారింది.

"పట్టుకు మోకుముడి నిలవదు," అంది నాగసాని. "పడుగు అతికే ముడి వేయాలి. దాన్ని సాలెవాళ్ళే వేయగలరు."

తలుపు అవతల గొడ్డళ్ళు ఆగాయి. వక్రనాథుడి మెత్తని గొంతు గోడ పొడుగునా పాకుతూ వచ్చింది.

"కిందికి రా నాయనా. నీలాంటి చేతుల కోసమే ఈ మేడ కట్టాను. నీకు దెబ్బ తగలనివ్వను. ఆ పడిపోయినవాడి చోటు ఖాళీగా ఉంది, చూడు. ఎండ పడుతోంది."

సింగన జారే పట్టుతో పెనుగులాడుతూనే ఉన్నాడు. అతని వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి రక్తం పట్టుకు అంటింది.

"మీ అన్న ఎంతసేపు బతికాడు, తీసిన తరువాత?" అంది నాగసాని.

సింగన తల ఎత్తాడు. "వద్దక్కా."

"అడిగిన దానికి చెప్పు."

"వక్క నమిలేంత సేపు."

"చాలు," అంది ఆమె.

అతను లేచి అడ్డం పడేలోగా ఆమె అంచుకు చేరింది. రేకు కీచుమంది. రెండో ఎండకత్తి కప్పులోంచి దిగింది. నాగసాని తన చేతులను ముఖం ముందు పెట్టుకుని, వేళ్ళన్నీ ఒక్కసారి ఆడించింది. ఆమె గొంతులోంచి చిన్న నవ్వు వచ్చింది, పెళ్ళికూతురి నవ్వు లాంటిది.

తరువాత ఆమె వేళ్ళు కంటికి ఆనలేదు. మొదటి ముడి, రెండో ముడి, మూడో ముడి. నాలుగు తానులూ ఒక్క తాడయ్యాయి. కొసను తూము నోటిదగ్గరి కంచుకడియానికి బిగించింది. సింగన బలంకొద్దీ లాగి చూశాడు. ముడి రాయిలా నిలిచింది.

"దిగు."

"నిన్ను వదిలి..."

"నన్ను మోసుకుపోయి ఏం చేస్తావురా? పాతిపెడతావా? ఏడు పల్లెలున్నాయన్నావు. దిగు!"

కంచుతలుపు పగిలి, బళ్ళెపు మొన ఒకటి ఇవతలికి వచ్చింది. సింగన ఆమె పాదాలు తాకి, తాడు పట్టుకుని తూములోకి జారాడు. ఇరవై మూరలు దిగాక పైకి చూశాడు. వెలుగు చక్రంలో నాగసాని కనిపించింది. తూము అంచున కాళ్ళు చాచుకుని కూర్చుని ఉంది. తన ముసుగు అంచులోంచి పోగులు లాగి, ఒడిలో ఏదో అల్లుతోంది. సైనికుల కేకలు దగ్గరవుతున్నా ఆమె తల ఎత్తలేదు. జానెడు కూడా అయి ఉండదు. వేళ్ళు నెమ్మదించాయి. ఆగాయి.

మరి కాసేపటికి పైన ఎవరో తాడు కోశారు. సింగన మిగిలిన పది మూరలూ రాయిలా పడి మురుగుకాలువలో మునిగాడు. నల్లని నీరు అతన్ని ఇనుపకమ్ముల మీద కొట్టింది, కమ్ముల కిందనుంచి ఈడ్చింది, చీకటి సొరంగాల గుండా తిప్పి తిప్పి లాక్కుపోయింది. రెండుసార్లు ఊపిరి పోయిందనుకున్నాడు. చివరకు నీరు అతన్ని నగరం వెలుపల, ఉత్తరపు ద్వారానికి అరకోసు దూరంలో, జమ్ముపొదల మధ్య కక్కేసింది.

ఎండ చురుక్కుమంటోంది. సింగన చేతులు చూసుకున్నాడు. కణుపులు చెక్కుకుపోయాయి గానీ, తాబేలురాయి ఇంకా వేళ్ళలోనే ఉంది.

జమ్ము తప్పించి చూస్తే రాజబాట నిండా దుమ్ము. ఒకదాని వెనక ఒకటి ఎడ్లబళ్ళు పోతున్నాయి. కనుచూపు మేర బళ్ళే. ప్రతి బండిలోనూ పదిమంది కూలీలు. గడ్డపారలు, సమ్మెటలు, మోకులు. బళ్ళ వెంట అక్కడక్కడ రౌతులు. నగరంలో కొమ్ములు ఊదుతూనే ఉన్నాయి. వెతకడానికి బయలుదేరిన గుర్రాలు ద్వారం దాటుతున్నాయి. పరుగెత్తడానికి చెట్టూ పుట్టా లేని మైదానం అది.

సింగన ముఖానికి బురద పులుముకుని, బాట పక్కకు వచ్చి నిలబడ్డాడు. మీసాల మేస్త్రీ ఒకడు బండి మీదనుంచి అరిచాడు.

"ఏయ్! తప్పిపోయావా, తప్పించుకుపోతున్నావా? ఏ పని నీది?"

"రాతిపనండీ. కాలవలో జారిపడ్డాను."

"రాతిపనా? మంచి వేళకు దొరికావు. మనకు వచ్చినవాళ్ళంతా మట్టిపనివాళ్ళే. ఎక్కడికో తెలుసా?"

"తెలీదండీ."

"పెదలోయకు. రాజుగారికి వానల దాకా ఓపిక లేదట. ఇరవై రోజుల్లో పోయి ఏనుగుకట్ట తెంచెయ్యమన్నారు. కొట్టాల్సిన చోటు కనుక్కున్నవాడిని మేస్త్రీల మీద మేస్త్రీని చేస్తారట. ఎక్కు, ఎక్కు, గుర్రాలకు దారి వదలాలి!"

వెతికే రౌతులు దుమ్ము రేపుకుంటూ దగ్గరకొచ్చేశారు. బండిలో కూర్చున్న కూలీ ఒకడు జరిగి చోటిచ్చి, చెయ్యి అందించాడు. సింగన ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాడు. మేస్త్రీ వెనక్కి తిరిగి చూడకుండానే సమ్మెట ఒకటి అతని ఒడిలోకి విసిరాడు.